కడబంతి పరుగు

పెళ్ళి భోజనాలు బఫే బల్లల మీదికి ఎక్కకముందు మన ఊళ్ళలో బంతులుండేవి. మొదటి బంతిలో మగపెళ్ళివారు, పెద్దలు. తరవాతి బంతుల్లో బంధుమిత్రులు. వడ్డించి వడ్డించి అలిసిపోయిన ఇంటివాళ్ళు కడబంతిలో. వెయ్యిమందికి ఒకేసారి విస్తళ్ళు వేయగల పందిరి ఏ ఇంటి ముందూ పట్టదు కాబట్టి ఈ ఏర్పాటు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత అక్కడ పుట్టిందే. మనవాడు కాకపోతే కడబంతివాడి గతి ఏమిటో సామెత పైకి చెప్పదు, చెప్పక్కర్లేదు కూడా.

నలభై, యాభై వేలమంది పాల్గొనే నేటి నగర మారథాన్లది అచ్చంగా ఇదే సమస్య. రోడ్డు ఒకటే, ఆరంభరేఖ ఒకటే, అందరికీ ముందు నిలబడాలనే ఉంటుంది. అందుకని జనాన్ని వేగాన్ని బట్టి గుంపులుగా విడదీసి ఒక గుంపు తరవాత ఇంకో గుంపును వదులుతారు. ఆ విడతను వేవ్ అంటారు. ఒక విడతలోనే తాళ్ళు, ఇనుప కంచెలు కట్టి విడగొట్టిన గదిని అమెరికాలో కొరాల్ అనీ, ఇంగ్లండులోనూ ఇక్కడ సింగపూరులోనూ పెన్ అనీ అంటారు. రెండు మాటలకీ అసలు అర్థం పశువుల దొడ్డి. డబ్బు కట్టి, నెలల తరబడి సాధన చేసి వచ్చినవాళ్ళను నిలబెట్టే చోటుకు ఆ పేరు ఎవరు పెట్టారో గాని, నాకు మాత్రం మన బంతి అన్న మాటే నచ్చుతుంది. దొడ్డిలో ఉన్నదాన్ని తోలతారు, బంతిలో కూర్చున్నవాడు అతిథి.

నేనుండేది సింగపూరు తూర్పు కొసన, పాసిర్ రిస్‌లో. తూర్పు పడమర మెట్రో లైను ఇక్కడితో ఆఖరు. 1989లో ఈ స్టేషను తెరిచారు. సముద్రపు ఒడ్డున పొడవాటి పార్కు, అందులో ఒక మడ అడవి, నీళ్ళకు ఆవల పులావ్ ఉబిన్ దీవి. తెల్లవారుజామున ఆ బాట మీద చెమటలు కక్కుతూ పోయేవాళ్ళ మధ్య తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి. ఏడాది చివర్లో సింగపూరు మారథాన్ దగ్గరపడేసరికి ఆ మాటల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది: "అన్నా, నీకు ఏ అక్షరం వచ్చింది?" ఛాతీ మీద పిన్నులతో గుచ్చుకునే నంబరు గుడ్డ మీద పెన్‌ను సూచించే అక్షరం అది. ముందు అక్షరం వచ్చినవాడు ఆ వారమంతా కొంచెం నిటారుగా నడుస్తాడు. ఆ ఒక్క అక్షరం వెనక నూటపాతికేళ్ళ పైచిలుకు కథ ఉంది.

మొదట్లో అక్షరాలూ లేవు, బంతులూ లేవు. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మారథాన్ వంతెన దగ్గర బయల్దేరినవాళ్ళు 17 మంది. మరుసటి ఏడాది బోస్టన్‌లో మొదలైన పరుగులో 15 మంది. ఆ బోస్టన్ పరుగును ప్రారంభించినవాడు టామ్ బర్క్, ఏథెన్స్‌లో 100, 400 మీటర్ల పందేలు గెలిచిన వీరుడు. యాష్‌లాండ్ అనే ఊళ్ళో ఒక మిల్లు ముందు మట్టిరోడ్డు మీద కాలిమడమతో గీత గీసి, వెళ్ళండని కేకేశాడట. అంతే ఆరంభోత్సవం. న్యూయార్క్ మారథాన్ 1970లో మొదలైనప్పుడు కూడా సెంట్రల్ పార్కులో చేరినవాళ్ళు 127 మంది, పూర్తి చేసినవాళ్ళు 55 మంది. ఈ మాత్రం దానికి బంతులెందుకు? ఒక్క పంక్తి చాలు.

అయినా ఎవరు ఎక్కడ, ఎప్పుడు బయల్దేరాలి అన్న తగాదా రద్దీకంటే ముందే వచ్చింది. అది ఆడవాళ్ళ నుంచి వచ్చింది.

ఆడవాళ్ళ ఒంటికి అంత దూరం పడదని ఆనాటి క్రీడాధికారులు గట్టిగా నమ్మేవారు. 1966లో బాబీ గిబ్ అనే యువతి బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు పెడితే తిరస్కరించారు. ఆమె ఆరంభరేఖ దగ్గర్లో పొదల్లో దాక్కుని, మగవాళ్ళలో కొంతమంది దాటిపోయాక గుంపులో కలిసిపోయింది. నంబరు లేదు, లెక్కలో లేదు, మూడు గంటల 21 నిమిషాల్లో ముగించింది. మరుసటి ఏడాది క్యాథరిన్ స్విట్జర్ తన పేరును పొడి అక్షరాల్లో రాసి 261 నంబరు సంపాదించింది. పరుగు మధ్యలో నిర్వాహకుడు జాక్ సెంపుల్ ఆమె ఛాతీ మీది నంబరు లాగేయబోయిన ఛాయాచిత్రాలు ప్రపంచమంతా తిరిగాయి. ఆడవాళ్ళకు బోస్టన్‌లో అధికారికంగా చోటిచ్చింది 1972లో. ఆ ఏడు బయల్దేరినవాళ్ళు ఎనిమిది మంది. గెలిచిన ఆమె నీనా కుస్చిక్.

అదే ఏడాది అక్టోబరు 1న న్యూయార్క్‌లో జరిగింది అసలు ముచ్చట. అప్పట్లో అమెరికా క్రీడలను శాసించిన అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ ఒక మెలిక పెట్టింది. ఆడవాళ్ళు పరుగెత్తవచ్చు గాని మగవాళ్ళతో కలిసి బయల్దేరకూడదు. వాళ్ళది వేరే పందెమని చూపించడానికి పది నిమిషాలు ముందు వదలాలి. ఆ రోజున ఆరుగురు మహిళలు ఆరంభరేఖ దగ్గరికి వచ్చారు. వాళ్ళ తుపాకీ మోగింది. ఆరుగురూ రోడ్డు మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఇది 1972 అని యూనియన్‌కు గుర్తు చేస్తూ అట్టముక్కల మీద రాసి పట్టుకున్నారు. పది నిమిషాలూ అలాగే కూర్చుని, మగవాళ్ళ తుపాకీ మోగగానే లేచి వాళ్ళతోపాటు పరుగెత్తారు. అధికారులు ఊరుకుంటారా? కూర్చున్న పది నిమిషాలూ వాళ్ళ సమయాలకు కలిపేశారు. నీనా కుస్చిక్ ఇక్కడా గెలిచింది. ఆ పదినిమిషాల శిక్షతో కలిపినా ఆమె సమయం మూడు గంటల ఎనిమిది నిమిషాలు! ఆ తరవాత ఆ నిబంధన ఎక్కువ కాలం నిలవలేదు. మన పల్లెల్లో వేరే బంతి వేస్తామంటే విస్తరి ముందునుంచి లేచిపోయినవాళ్ళ కథలు ఎన్నో విన్నాం. వీళ్ళు లేవకుండా కూర్చుని గెలిచారు.

ఇక్కడ చరిత్ర ఒక చిన్న వింత చేసింది. 2002లో న్యూయార్క్ నిర్వాహకులు అగ్రశ్రేణి మహిళలను మగవాళ్ళకంటే 35 నిమిషాలు ముందు వదిలారు. 2004లో బోస్టన్ కూడా అదే దారి పట్టింది. ఈసారి ఎవరూ కూర్చోలేదు. ఎందుకంటే ఇది వెలి కాదు. మగవాళ్ళ గుంపులో కలిసిపోతే ఆడవాళ్ళ పోటీ టీవీలో కనబడదు, పక్కన మగవాడు పరుగెత్తుతుంటే అతని వేగం ఆసరా అవుతుంది. ఒంటరిగా తేల్చుకునే పోటీకి గౌరవం వచ్చింది. ఇప్పుడు అంతర్జాతీయ సమాఖ్య మహిళల మారథాన్‌కు రెండు ప్రపంచ రికార్డులు రాస్తుంది, మగవాళ్ళతో కలిసి పరుగెత్తినది ఒకటి, ఆడవాళ్ళు మాత్రమే పరుగెత్తినది ఇంకొకటి. అదే వేరు బంతి, 1972లో అవమానం, 2002లో మర్యాద. తేడా ఎక్కడుందంటే అడిగి వేశారా, అడగకుండా వేశారా అన్నదాంట్లో.

సరే, రద్దీ సంగతికి వద్దాం. 1976లో న్యూయార్క్ పరుగు పార్కు వదిలి నగరంలోని అయిదు విభాగాల గుండా పోయేలా మారింది, పాల్గొన్నవారు రెండు వేలు దాటారు. 1981లో మొదలైన లండన్ మారథాన్‌ను తొలిసారే ఆరు వేలమంది పైగా పూర్తి చేశారు. బోస్టన్ వాళ్ళకు జనం ఎక్కువైపోతున్నారని 1970లోనే బెంగ పట్టుకుంది. నాలుగు గంటల్లో ముగించగలనని చూపితేనే రానిస్తామన్నారు. అర్హతా సమయాల పద్ధతికి అది మొదలు. అదే బోస్టన్ 1996లో నూరవ పరుగు సందర్భంగా తలుపులు బార్లా తెరిస్తే 38 వేల పైచిలుకు పేర్లు నమోదయ్యాయి.

ఒక లెక్క వేసి చూడండి. రోడ్డు 12 మీటర్ల వెడల్పు, గీత మీదుగా సెకనుకు 15 మంది దాటుతారు అనుకుందాం. ఇరవై వేలమంది దాటడానికి 22 నిమిషాలు పడుతుంది. తుపాకీ మోగిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంటే, చివర నిలబడ్డవాడు ఒక్క అడుగు పరుగెత్తకుండానే 22 నిమిషాలు పోగొట్టుకున్నట్టే. అది వెనకబడ్డ సమయం కాదు, వెనక నిలబెట్టిన సమయం. అందుకే జనం గంటల ముందే వచ్చి ముందువరసలో పాతుకుపోయేవాళ్ళు. నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు, వేగంగా పోయేవాళ్ళు వెనక. ఇక తోపులాటలకు, మోకాలి చిప్పలు పగలడానికి కొదవేముంది?

దీనికి విరుగుడు 1990ల్లో చిక్కింది. 1996 బోస్టన్ పరుగులో బూటు తాడుకు కట్టుకునే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఇచ్చారు. లోపల ఒక చిప్. ఆరంభరేఖ దగ్గర నేలమీద పరిచిన చాప మీద కాలు పెట్టగానే చాపలోని తీగలు ఆ చిప్‌ను పలకరించి మీ సమయం మొదలుపెడతాయి, ముగింపు చాప మీద ఆపుతాయి. (తరవాతి రోజుల్లో బిళ్ళ పోయి నంబరు గుడ్డ వెనక అంటించే పల్చటి పట్టీ వచ్చింది. పరుగైపోయాక వంగలేని నడుములతో బూటు తాళ్ళు విప్పి బిళ్ళలు వాపసు చేసిన తరంవాళ్ళకు ఆ సుఖం విలువ తెలుస్తుంది.) తుపాకీ నుంచి లెక్కించేది గన్ టైమ్, చాప నుంచి చాపకు లెక్కించేది నెట్ టైమ్ లేక చిప్ టైమ్. మన సామెతలోని వడ్డించేవాడు ఈ చిప్పే. ఎవరికీ చుట్టం కాదు, కడబంతివాడి విస్తట్లో కూడా అంతే కొలిచి వడ్డిస్తుంది.

చిప్ వచ్చాకే బంతులు వేయడం నిర్వాహకులకు సులువైంది. వెనక బయల్దేరినా సమయం పోదని తెలిస్తే మనిషి తగ్గి నిలబడతాడు. బోస్టన్ 2006లో రెండు విడతలు, 2011లో మూడు, 2014లో నాలుగు విడతలు పెట్టింది. అక్కడ వరస పూర్తిగా అర్హతా సమయాన్ని బట్టి. వెనక్కి పోయి నిలబడవచ్చు, ముందుకు రావడానికి మాత్రం వీల్లేదు. న్యూయార్క్ 2008లో విడతలు మొదలుపెట్టింది. అక్కడ ఇంకో తమాషా ఉంది. ఆరంభం స్టాటెన్ ఐలండ్ నుంచి దాటే వెరజానో వంతెన మీద. దానికి రెండంతస్తులు. అందుకని రంగులవారీగా విడదీసి, కొందరిని కింది అంతస్తులో పంపుతారు. బ్రూక్లిన్‌లో కొన్ని మైళ్ళు పోయాకే అన్ని దారులూ కలుస్తాయి. లండన్‌లో ఆరంభస్థలాలే వేరు వేరు, వాటికీ రంగుల పేర్లే. వుల్‌విచ్ దగ్గర దారులు కలుస్తాయి. వంతెన, మైదానం, సందు ఎలా ఉంటే బంతి అలా. ఏ నగరం పద్ధతి ఆ నగరం భూగోళాన్ని బట్టే పుట్టింది.

చిప్ అందరికీ న్యాయం చేసిందా? 2008లో రెండు సంఘటనలు ఈ ప్రశ్న అడిగాయి. ఆ అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో మహిళల మారథాన్‌లో ఆరియన్ ఓకానెల్ అనే బడిపంతులమ్మ రెండు గంటల 55 నిమిషాల్లో ముగించింది. బహుమతి మాత్రం ఆమెకంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ తీసుకున్న వేరొకరికి దక్కింది. కారణం, గెలిచినామె అగ్రశ్రేణి విడతలో ముందు బయల్దేరింది, పంతులమ్మ తరవాతి విడతలో. ముందు గీత దాటినవాళ్ళే విజేత, అదీ నియమం. జనం గోల చేశాక నిర్వాహకులు ఆమెను కూడా విజేతగా గుర్తించారు. అదే నెల షికాగోలో కెన్యాకు చెందిన వెస్లీ కోరిర్, అగ్రశ్రేణి జాబితాలో చోటు లేక అయిదు నిమిషాలు వెనక సామాన్యులతో బయల్దేరి, మొత్తం మీద నాలుగో వేగవంతుడిగా తేలాడు. ముందువాళ్ళు అతన్ని చూడనే లేదు. అతను 2012లో బోస్టన్ గెలిచాడు.

నియమంలోనూ న్యాయం ఉంది. పందెమంటే పక్కవాణ్ణి చూస్తూ వేగం పెంచడం, తగ్గించడం. కనబడని మనిషితో పోటీ ఎలా పడతారు? అందుకే బహుమతులకు గన్ టైమ్, మిగతావాళ్ళ సొంత లెక్కకు చిప్ టైమ్ అన్న పద్ధతి స్థిరపడింది. పద్ధతి సరైనదే అని నా ఉద్దేశం, కాని ముందు బంతిలోకి ఎవరికి పిలుపు పంపాలో నిర్ణయించేవాళ్ళ మీద బరువెంతో ఆ రెండు పేర్లూ చెబుతాయి. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అనే 90 కిలోమీటర్ల దరిదాపు పరుగులో అయితే 12 గంటల గడువును చాలాకాలం తుపాకీ నుంచే లెక్కించారు. వెనక నిలబడ్డవాడికి గీత దాటేసరికే గడువులో కొన్ని నిమిషాలు కరిగిపోయేవి. సాయంత్రం ఆఖరి క్షణంలో గేటు మూసుకునే ఆ పరుగులో ఆ నిమిషాలే పతకం.

బంతుల వల్ల దక్కేది న్యాయం ఒక్కటే కాదు, ప్రాణం కూడా. గుంపు ఎలా కదులుతుందో ఇద్దరు ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్తలు, నికొలా బెయిన్, డెనిస్ బార్తొలో, షికాగో మారథాన్ ఆరంభాన్ని చిత్రీకరించి లెక్కగట్టారు. 2019లో సైన్స్ పత్రికలో అచ్చయింది. కార్యకర్తలు చేయీచేయీ కలిపి వరసకట్టి, గుంపును ఆపుతూ నడిపిస్తూ గీతదాకా తెస్తారు. ముందువరస కదిలిందన్న కబురు వెనక్కి సెకనుకు మీటరు పైచిలుకు వేగంతో అలలా పోతుందని వాళ్ళు కనుక్కున్నారు. అంటే 300 మీటర్ల వెనక ఉన్నవాడికి ముందువాళ్ళు ఆగారన్న సంగతి నాలుగైదు నిమిషాల దాకా అందదు. పక్కకు తిరగమన్న కబురైతే అలా వ్యాపించనే వ్యాపించదు.

తిరుమల వెళ్ళినవాళ్ళకు ఇది శాస్త్రజ్ఞులు చెప్పక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లు చేసే పని ఇదే. జనాన్ని గదుల్లో కూర్చోబెట్టి, లోపల చోటు ఖాళీ అయినకొద్దీ ఒక్కొక్క గదీ తలుపు తీస్తారు. ఏ మారథాన్ నిర్వాహకుడికైనా అది చూపించదగ్గ పాఠశాల. ఆ గదులు లేనిచోట ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమండ్రి పుష్కరఘాట్ వద్ద తొక్కిసలాటలో 27 మంది పోయారు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరినవాళ్ళలో ఆరుగురు పోయారు. అస్వస్థతకు గురైన ఒక భక్తురాలి కోసం గేటు తెరిస్తే, టోకెన్లకే తెరిచారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారని అధికారులు చెప్పారు. కొండమీద అంత నేర్పుగా నడిచే పద్ధతి కొండకింద ఒక్క రాత్రి తప్పింది. గేటు ఎందుకు తెరుచుకుందో వెనకవాడికి తెలియదు, తెరుచుకుందని మాత్రమే తెలుస్తుంది.

ఇక మా సింగపూరు. ఇక్కడి మారథాన్ 1982లో మొదలైంది. 2002 నుంచి స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు పేరుతో నడుస్తోంది. జనం పెరిగేకొద్దీ ఇక్కడివాళ్ళు ఒక ప్రయోగం చేశారు. 2010 ప్రాంతాల్లో పూర్తి మారథాన్ ఆర్చర్డ్ రోడ్డులో, సగం మారథాన్ సెంటోసాలో, పది కిలోమీటర్లు ఎస్‌ప్లనేడ్ వైపు మొదలయ్యేవి, అన్నీ పాడాంగ్ మైదానం దగ్గరికి చేరేవి. మొదలు సులువైంది, కాని ముగింపు దగ్గర దారులు కలిసేచోట రద్దీ కూడింది. ముప్ఫై కిలోమీటర్లు దాటి వచ్చినవాడి ముందు పది కిలోమీటర్లవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ నడుస్తుంటే ఆ మనిషి ముఖం చూడాలి.

అసలు ఇక్కడ బంతుల లెక్కను శాసించేది ఎండ. భూమధ్యరేఖకు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు ఇది. తెల్లవారుజామున కూడా గాలి తడిగుడ్డలా ఉంటుంది. 2007 అక్టోబరులో షికాగోలో ఎండ 31 డిగ్రీలకు చేరితే, ముందు బల్లల దగ్గరే నీళ్ళు చాలక, పరుగును మధ్యలో ఆపేశారు. 36 వేలమంది బయల్దేరితే పూర్తి చేసింది సుమారు 25 వేలమంది. ఆ 31 డిగ్రీలు మాకు మామూలు మధ్యాహ్నం. అందువల్ల ఇక్కడ వెనక పెన్ అంటే కేవలం అరగంట ఆలస్యం కాదు, ముగింపు దగ్గర అరగంట ఎక్కువ ఎండ. చిప్ సమయాన్ని సరిచేయగలదు, సూర్యుణ్ణి సరిచేయలేదు. నెమ్మదిగా పోయేవాడు ఎక్కువసేపు రోడ్డు మీద ఉంటాడు, పైగా ఆలస్యంగా బయల్దేరతాడు, అంటే రెండు విధాలా నష్టం అతనికే. నీళ్ళ బల్లల దగ్గర కప్పులు అయిపోయేదీ అతను వచ్చేసరికే. నన్నడిగితే నీళ్ళూ ఐసూ కడబంతి లెక్కన కొలిచి పెట్టాలి, మొదటి బంతి లెక్కన కాదు.

2019 నవంబరు 30న నిర్వాహకులు పరుగును సాయంత్రానికి మార్చారు. ఫార్ములా వన్ పిట్ భవనం దగ్గర ఆరుగంటలకు ఆరంభం. ఇక్కడ పొద్దు గుంకేది దాదాపు ఏడు గంటలకు. అంటే ముందు బంతివాళ్ళకు కొంత ఎండ తగిలింది, కడబంతివాళ్ళకు చీకటి దక్కింది. ఎండ విషయంలో కడబంతి లాభపడిన ఏడాది అదొక్కటేనేమో! శనివారం సాయంత్రం రోడ్లు మూస్తే కార్లవాళ్ళు ఊరుకోరు కదా, ఆ గొణుగుడు వేరే. మరుసటి ఏడు కరోనా వచ్చి పరుగంతా ఎవరి దారిన వారు ఫోనులో నమోదు చేసుకునే వ్యవహారమైంది. 2021 డిసెంబరులో తిరిగి రోడ్డెక్కినప్పుడు టీకాలు వేయించుకున్నవాళ్ళనే తీసుకుని చిన్న చిన్న బృందాలుగా వదిలారు. అదే అక్టోబరులో బోస్టన్ పెన్‌లే తీసేసింది. బస్సు దిగినవాడు నడుచుకుంటూ గీత దగ్గరికి వెళ్ళడం, దాటడం, పరుగెత్తడం. చిప్ ఉంది కాబట్టి అదీ చెల్లింది.

అక్షరం ఎలా ఇస్తారని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. కొన్ని పరుగులు పాత పరుగు ధ్రువపత్రం అడుగుతాయి. 2004లో మొదలైన ముంబై మారథాన్‌లో ఈ పట్టింపు ఉంది. మరికొన్ని ఎంతసేపట్లో ముగిస్తావో నువ్వే చెప్పమంటాయి. అక్కడ మనిషి ఆశ కలం పడుతుంది. అయిదున్నర గంటలవాడు నాలుగున్నర అని రాస్తాడు, ముందు పెన్‌లో నిలబడతాడు, రెండో కిలోమీటరుకల్లా వెనకవాళ్ళందరికీ రాయిలా అడ్డం పడతాడు. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలిలో ముగిసే హైదరాబాదు మారథాన్‌లో అయినా, ఇక్కడైనా, ఈ జాతి ఒకటే.

మా పాసిర్ రిస్ వాళ్ళకు ఇంకో చిక్కుంది. ఆదివారాలు ఇక్కడినుంచి తొలి రైలు అయిదున్నర దాటితే గాని కదలదు. నాలుగున్నరకో, అయిదుకో తుపాకీ మోగే ఏళ్ళలో అది ఎందుకూ పనికిరాదు. నిర్వాహకులు ప్రత్యేక బస్సులు వేసినా, లైను కొసన ఉన్నవాడు రెండున్నరకే లేవాలి. అందుకని మా బ్లాకుల్లో నలుగురైదుగురు కలిసి టాక్సీలు మాట్లాడుకుంటారు. ముందు అక్షరం వచ్చినవాళ్ళు ఒక టాక్సీ, వెనక అక్షరంవాళ్ళు అరగంట తరవాత ఇంకో టాక్సీ. పులిహోర పొట్లాలు మాత్రం రెండో టాక్సీలో వస్తాయి.